ఆట మాన్పించిందెవరు?

కోరుట్ల నుంచి ఒక పెద్దమ్మగారు ఉత్తరం రాశారు. ఆమెకు ఇద్దరు మనవరాళ్ళు. కొడుకు కూతురు అమెరికాలో పెరుగుతున్నది, కూతురి కూతురు జగిత్యాలలో. ఇద్దరికీ పదమూడో ఏడు నడుస్తోంది.

అమెరికా పిల్లను పదో ఏట అక్కడి గోల్ఫు క్లబ్బులో జూనియరు మెంబరుగా చేర్పించారట. చిన్న సైజు కర్రలు, వాటికో సంచీ, టోపీ, చేతి తొడుగు అన్నీ కొన్నారు. రెండేళ్ళు సరదాగా వెళ్ళింది. మూడో ఏడు చందా కట్టే వేళకు "నేను వెళ్ళను" అని కూర్చుంది. జగిత్యాల పిల్ల స్కూల్లో ఖోఖో ఆడేది. మండలం పోటీలకు వెళ్ళి ఒక కప్పు కూడా పట్టుకొచ్చింది. అదీ మానేసింది. "అక్కడ డబ్బు పోసి చేర్పిస్తే మానేసింది. ఇక్కడ డబ్బు పనే లేదు, అయినా మానేసింది. ఆడపిల్లల తత్వమే అంతనా బిడ్డా?" అని అడిగారు.

కాదు పెద్దమ్మా. జగిత్యాల పిల్ల ఏ రోజున ఖోఖో మానేసిందో మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా? ఉండదు. స్కూలు మానేస్తే తేదీ ఉంటుంది, సంగీతం మానేస్తే మేష్టారు వచ్చి అడుగుతాడు. ఆట మానటానికి మాత్రం తేదీ లేదు. ఒక వారం మేనమామ ఇంట పెళ్ళి, ఇంకో వారం ట్యూషను, ఆ పైన ఒంట్లో బాగా లేదు, ఎండ, వాన, "ఇప్పుడెందుకులే, పరీక్షలయ్యాక చూద్దాం." పరీక్షలయ్యాక చూసేవారెవరూ ఉండరు. పిల్ల మానలేదు, మనం మాన్పించనూ లేదు. కానీ ఆట ఆగిపోయింది. ఇంతకంటె సుఖంగా ఆగిపోయే వస్తువు మన ఇళ్ళలో మరొకటి లేదు.

పన్నెండు దాటి పదహారు వచ్చే లోపల ఆటలు వదిలేసే ఆడపిల్లలు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కౌమారంలో సుమారు సగం మంది, అంటే 49 శాతం ఆడపిల్లలు ఆటలు మానేస్తున్నారనీ, మగపిల్లల కంటె ఇది ఎన్నో రెట్లు ఎక్కువనీ 2024లో యునెస్కో సంస్థ చెప్పింది. కనుక జగిత్యాలలోనూ, అమెరికాలోనూ ఒకే ఏట ఒకే పని జరగటం వింతేమీ కాదు.

పెద్దమ్మగారి ఉత్తరంలో నాకు అసలు సంగతి చివరి పేజీలో దొరికింది. అక్కడ ఆమె వేరే కబుర్లు చెబుతున్నారు. కొడుకు ఇంటి పక్కన ఉండే గుజరాతీ వాళ్ళు వేరే ఊరికి మారిపోయారట, వాళ్ళ పిల్లా తన మనవరాలూ ఒకే కారులో క్లబ్బుకు వెళ్ళేవారట. ఇంకో చోట, జగిత్యాలలో ఎదురింటి అమ్మాయిని హైదరాబాదులో హాస్టలులో వేశారని రాశారు. "మా పిల్లతో కలిసి నడిచొచ్చేది, ఇప్పుడు ఇది ఒక్కతే అయ్యింది" అన్నారు. చూశారా! ప్రశ్న మొదటి పేజీలో ఉంది, జవాబు ఆమే నాలుగో పేజీలో రాసి పంపారు.

గోల్ఫు అంటే తెలియనివారికి రెండు మాటలు. పెద్ద పచ్చిక మైదానం, అందులో దూర దూరంగా పద్దెనిమిది చిన్న గుంటలు. ఒక్కో గుంటలోకీ ఎన్ని తక్కువ దెబ్బలలో బంతిని పంపితే అంత గొప్ప. సంచీలో పద్నాలుగు కర్రలకు మించి ఉండకూడదు. నలుగురేసి జట్టుగా బయలుదేరి మొత్తం తిరిగి వచ్చేసరికి నాలుగు గంటల పైమాటే. ఇప్పుడు ఆ నలుగురిలో ముగ్గురు మగపిల్లలు, ఒక్కతే ఆడపిల్ల అయితే ఆ నాలుగు గంటలు ఎలా గడుస్తాయో ఊహించండి. వాళ్ళు ఆమెను ఏమీ అనకపోవచ్చు. మాట్లాడకపోవటం చాలు.

ఆ క్లబ్బులవారికి కూడా ఈ సంగతి ఆలస్యంగానే తెలిసింది. స్కాట్లండులో సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళోని రాయల్ అండ్ ఏన్షెంట్ గోల్ఫు క్లబ్బు 1754లో పుట్టింది. ఆడవారిని సభ్యులుగా చేర్చుకుందామని వారు ఓటు వేసుకున్నది 2014లో. రెండు వందల అరవై ఏళ్ళు! అమెరికాలోని ఆగస్టా క్లబ్బు 2012లో తలుపు తీసింది. ఆ మర్యాదలన్నీ చూసి పెరిగిన పిల్లకు 'ఇది నా చోటు కాదు' అనిపించటానికి ఎవరూ నోరు విప్పనక్కరలేదు.

అయితే అదే అమెరికాలో 1989లో, ఫీనిక్స్ ఊళ్ళో శాండీ లాబోవ్ అనే ఆవిడ ఒక చిన్న పని చేసింది. ఆమె గోల్ఫు నేర్పే టీచరు. ఆడపిల్లలకు వేరే తరగతి పెట్టింది. ఆడపిల్లలు ఆడపిల్లలతో కలిసి నేర్చుకునేట్లు, మొదటి రోజునే పందెం లేకుండా, నవ్వుకుంటూ ఆడుకునేట్లు. అదే పెరిగి పెరిగి దేశమంతా వ్యాపించింది. ఆమె కొత్త కర్ర కనిపెట్టలేదు, కొత్త మైదానం కొనలేదు. పిల్లకు తోడు చూపించింది, అంతే.

ఇది వినగానే కొందరు, "అది అమెరికా, వాళ్ళకు చెల్లుతుంది" అంటారు. వాళ్ళకూ ఊరికే చెల్లలేదు. చదువుకునే చోట ఆడ, మగ తేడా చూపరాదని 1972లో వాళ్ళు చట్టం చేసుకున్నారు. అంతకు ముందు ఆ దేశపు హైస్కూళ్ళలో ఆటలాడే ఆడపిల్లలు మూడు లక్షలకు లోపు. ఇప్పుడు ముప్ఫై లక్షల పైన. ఆ దేశంలో ఆడపిల్లల తత్వం మారిపోయిందా? మారింది ఏర్పాటు.

అంత దూరం పోనక్కరలేదు. మన కరీంనగరం వైపు బతుకమ్మను పేర్చటం ఒక పని, ఆడటం మరొక పని. ఆ మాట గమనించారా? 'ఆడటం' అంటాం. ఎంగిలిపూల నాడు మొదలుపెట్టి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు అవ్వలు, అత్తలు, కొత్త కోడళ్ళు, పిల్లలు అందరూ వీధిలోకి వచ్చి చప్పట్లు కొడుతూ వంగుతూ లేస్తూ రాత్రి పొద్దుపోయేదాకా తిరుగుతారు. పెద్దమనిషైన పిల్లకు ఆటలేమిటని ఒక్కరంటే ఒక్కరు అనరు. అనరు సరిగదా, రాకపోతే "మీ అమ్మాయేదీ?" అని అడుగుతారు. అదే పిల్ల పదిహేను రోజుల తరువాత సాయంత్రం అయిదింటికి కాలేజీ గ్రౌండుకు బయలుదేరితే నలుగురు కిటికీలోంచి చూస్తారు. నలభై మందితో తిరిగితే పండగ, ఒక్కతే పరుగెత్తితే వింత. మనకు ఆట మీద కోపం లేదు. ఒంటరి పిల్ల మీదనే అనుమానం.

సిరిసిల్లలో నాకు తెలిసిన ఒక వ్యాయామ ఉపాధ్యాయిని ఉన్నది. ఊరంతా ఆమెను పీఈటీ మేడమ్ అనే పిలుస్తారు. ఈమధ్యే రిటైరయింది. తొమ్మిదో తరగతికి వచ్చాక కూడా ఆడపిల్లల్ని మైదానంలో నిలబెట్టిన మనిషి. ఆమె ఏం చేసేదో అడిగి తెలుసుకున్నాను.

ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో మగవారు మరమగ్గాల మీద, ఆడవారు బీడీల చాట ముందు. పిల్ల స్కూలు నుంచి రాగానే తల్లి పక్కన కూర్చుని తునికాకు కత్తిరించాలి, బీడీల మూతులు ఒత్తాలి. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. పిల్ల చెయ్యి తోడైతే ఆ వెయ్యి దీపాల వేళకు పూర్తవుతుంది, లేకపోతే అర్ధరాత్రి. మరికొన్ని ఇళ్ళలో కండెలు చుట్టే పని. అలాంటి తల్లి దగ్గరకు వెళ్ళి "ఆటలు ఆరోగ్యానికి మంచివి" అని ఉపన్యాసం చెబితే ఆమె ఏమనుకోవాలి? మేడమ్ ఆ ఉపన్యాసం చెప్పలేదు. చాట పక్కన కూర్చుని, కత్తెర తీసుకుని, తనూ నాలుగు ఆకులు కత్తిరించింది. "సక్కగ కత్తిరియ్యవస్తలేదు మేడమ్ మీకు" అని తల్లి నవ్వింది. ఆ నవ్వు తరువాతనే మాట మొదలయ్యింది. సాయంత్రం కుదరదని తేలింది. సరే, ఆటను పొద్దున ఆరింటికి మార్చింది. ఇంటి పని గంటకు నష్టం రాకుండా ఆటకు గంట దొరికింది. నాకు ఇది చాలా గొప్ప విషయంగా తోచింది. మామూలుగా మనం ఆట వేళ ముందే పెట్టేసి, పిల్ల రాలేదంటాం.

రెండో సంగతి. ఏ పిల్లనూ ఒంటరిగా ఇంటికి పంపేది కాదు. వీధులవారీగా ముగ్గురేసి కలిపి గుంపులు కట్టింది. ముగ్గురే ఎందుకూ అంటే, ఇద్దరైతే ఒకతి రాని రోజున రెండోది ఆగిపోతుంది. ముగ్గురిలో ఒకతి రాకపోయినా ఇద్దరుంటారు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు గానీ, ముప్ఫై ఏళ్ళు గ్రౌండులో నిలబడ్డ మనిషి లెక్క.

మూడోది, ఈల. నెలసరి రోజుల్లో పరుగెత్తలేనన్న పిల్లను "ఇంటికి పో" అనేది కాదు. చేతికి ఈల ఇచ్చి "నువ్వు ఇవాళ రిఫరీ" అనేది. ఓపిక ఉన్న పిల్ల ఆ రోజుల్లో ఆడినా తప్పేమీ లేదని కూడా చెప్పేది. ఓపిక లేని పిల్ల లెక్కలు రాస్తుంది, గీతలు గీస్తుంది, కానీ గ్రౌండులోనే ఉంటుంది. నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉన్న పిల్ల ఆరో నెలకు పూర్తిగా ఇంట్లోనే ఉంటుందని ఆమె అనుభవం.

అందరూ నిలిచారా అంటే, లేదు. ఒకమ్మాయి తల్లి జబ్బుపడితే వంటింటి భారం పిల్ల మీద పడింది. మరో ఇద్దరు ఊరు వదిలిపోయారు. ఆ పేర్లు చెబుతున్నప్పుడు ఆమె గొంతు తగ్గింది, నిలిచినవారి పేర్లు చెప్పేటప్పుడు మాత్రం అంత ఉత్సాహం చూపలేదు. టీచర్లు అంతే కాబోలు.

ఇక మధ్యతరగతి ఇళ్ళు. మన ఇళ్ళలో బీడీల చాట లేదు. ట్యూషను ఉంది. ఎనిమిదో తరగతి నుంచే "ఫౌండేషను" అని ఒకటి మొదలయ్యింది. ఆటల పీరియడులో లెక్కలు చెబితే తల్లిదండ్రులు మెచ్చుకుంటున్నారని ఒక హెడ్మాస్టరు నాతో గర్వంగా అన్నాడు. అదే ఇంట్లో అబ్బాయికీ ట్యూషను ఉంటుంది. కానీ వాడు ట్యూషను నుంచి క్రికెట్టు బ్యాటుతో ఇంటికొస్తాడు, పిల్ల తిన్నగా వస్తుంది. ఆ అరగంట తేడా ఎక్కడ పోయిందో అడిగితే, గిన్నెలు సర్దటంలోనూ, తమ్ముడికి పాలు కలపటంలోనూ దొరుకుతుంది.

జగిత్యాల, కోరుట్ల వైపు ఇంకొక చిక్కు ఉన్నది. చాలా ఇళ్ళలో తండ్రి దుబాయిలోనో, మస్కట్టులోనో ఉంటాడు. ఇక్కడ తల్లి ఒక్కతే. పిల్ల ట్రాకు ప్యాంటు వేసుకుని బయటకు వెళ్ళినా, చీకటి పడ్డాక వచ్చినా మాట పడేది ఆమె. "మొగుడు దేశంల లేడు, బిడ్డను అదుపుల పెట్టలేదు" అనే ఒక్క మాటకు భయపడి ఆమె ముందే వద్దంటుంది. ఆమెను తప్పు పట్టను. అదే ప్రాంతంలో, కోరుట్ల నుంచి మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా బస్సులో పోతే వచ్చే నిజామాబాదులో, నిఖత్ జరీన్ అనే పిల్ల బాక్సింగు నేర్చుకుంది. 2011లో టర్కీలో జూనియర్ల ప్రపంచ పోటీలో గెలిచింది, 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ పెద్దల ప్రపంచ విజేత అయ్యింది. ఆమె తండ్రి జమీల్ అహ్మద్ సౌదీలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసి, కూతుళ్ళ చదువుల కోసం, ఆటల కోసం తిరిగి వచ్చిన మనిషి. మొదట మెలకువలు నేర్పిందీ ఆయనే. అందరు తండ్రులూ ఉద్యోగాలు మానుకుని రాలేరు, రమ్మని నేను చెప్పను. కానీ ఫోనులో తన అన్నకో, తమ్ముడికో ఒక్క మాట చెప్పవచ్చు గదా: "బిడ్డ గ్రౌండుకు పోతది, నేనే పొమ్మన్న." ఆ మాట తల్లికి చెబితే చాలదు, నలుగురు బంధువులకు వినపడాలి.

అలాగని ప్రతి పిల్లా నిఖత్ జరీన్ కావాలని కూర్చోకండి. నా అభిప్రాయంలో మన సభల్లో విజేతల పేర్లు చెప్పి చెప్పి మామూలు పిల్లల్ని బెదరగొడుతున్నాం. కబడ్డీ జట్టులో కోర్టులోకి దిగేది ఏడుగురు, ఖోఖోలో తొమ్మిది మంది. మిగతా నలభై మంది ఏం చెయ్యాలి? ఎంపికలు కాగానే వాళ్ళకు ఆట అయిపోయినట్టే. ఈ ఒక్క విషయంలో నాకు గోల్ఫు నచ్చింది. అందులో 'హ్యాండిక్యాపు' అని ఒక పద్ధతి. తక్కువ వచ్చినవారికి ముందుగానే కొన్ని దెబ్బలు విడిచిపెడతారు. అందుచేత నిన్న నేర్చుకున్నవారు కూడా పదేళ్ళుగా ఆడినవారితో సమానంగా పందెం వేసుకోవచ్చు. ఓడిన పిల్ల కూడా 'పోయిన నెల కంటె మూడు దెబ్బలు తగ్గాయి' అని చెప్పుకోవచ్చు. ఖోఖోకు కూడా అలాంటి ఒక పుస్తకం పెట్టి, ప్రతి పిల్లా తన పాత లెక్కతోనే పోటీపడేట్లు చెయ్యటానికి ఖర్చేముంది? నలభై పేజీల నోటుబుక్కు.

గోల్ఫు మాట వచ్చింది గనుక ఇంకొక్కటి. బెంగుళూరు పిల్ల అదితి అశోక్ 2016లో రియో ఒలింపిక్సులో ఆడినప్పుడు కర్రల సంచీ మోసింది తండ్రి. టోక్యో పోటీలు 2021లో జరిగినప్పుడు మోసింది తల్లి మహేశ్వరి. అదితి నాలుగో స్థానంలో నిలిచింది, ఒక్క మెట్టులో పతకం పోయింది. అందరూ ఆ పతకం గురించి మాట్లాడారు. నేను చూసింది పిల్ల వెంట బరువు మోస్తూ నాలుగు రోజులు నడిచిన తల్లిని. మన అమ్మలు సంచీ మోయనక్కరలేదు. వారానికొక రోజు గ్రౌండు గట్టు మీద కూర్చుంటే చాలు. కూరలు అక్కడే తరుక్కోవచ్చు. నలుగురు తల్లులు కూర్చున్న గట్టు ముందు ఏ ఆకతాయీ నిలబడడు.

"మా పిల్లకు ఓపికే లేదండీ, రెండు చుట్లు తిరిగితే ఆయాసం" అని జగిత్యాల నుంచే ఇంకొక సోదరి రాశారు. అది బద్ధకం కాకపోవచ్చు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో పదిహేను నుంచి పంతొమ్మిదేళ్ళ ఆడపిల్లల్లో సగం కంటె ఎక్కువ మందికి రక్తం తక్కువని తేలింది. ముందు ప్రభుత్వాసుపత్రిలో రక్త పరీక్ష చేయించండి. స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఇనుము బిళ్లను పిల్ల మింగుతున్నదా, కిటికీలోంచి విసిరేస్తున్నదా కనుక్కోండి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండండి, ఇనుము ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకండి, టీ దాన్ని అడ్డుకుంటుంది. పండగకు చేసే నువ్వుల సత్తుపిండి పండగ దాకా ఆగనక్కరలేదు. ఎదిగే పిల్లకు పరుగెత్తటానికి తగిన లోదుస్తులు కొనివ్వటం కూడా తల్లి చూడవలసిన పనే. బట్టల దుకాణంలో సిగ్గుపడి, ఆ సిగ్గును పిల్ల మీద పెట్టి, ఆట మాన్పించిన ఇళ్ళు నాకు తెలుసు.

పెద్దమ్మగారికి నా సలహా చిన్నది. జగిత్యాల పిల్లను మళ్ళీ ఖోఖోకు వెళ్ళమని బతిమాలకండి. ఆ వీధిలో దాని ఈడు పిల్లలు ఇంకిద్దరెవరో కనుక్కుని, వాళ్ళ అమ్మలతో మీరు మాట్లాడండి. పెద్దవారు మీరు అడిగితే కాదనరు. అమెరికాలో మీ కోడలికీ ఇదే మాట చెప్పండి. చందా కట్టేముందు తోడు పిల్లను వెతకమనండి.

చివరగా, పాత విద్యార్థుల సంఘాల వారికి. మీరు చదివిన స్కూలుకు ఏటా ఏదో ఒకటి ఇస్తున్నారు, సంతోషం. గేటుకు తోరణం, వేదికకు మీ పేర్ల రాయి, గోడకు రంగులు. గ్రౌండు మూలన ఆడపిల్లలకు ఒక మరుగుదొడ్డి కట్టించండి. అందులో నీళ్ళు రావాలి, వాడిన గుడ్డో ప్యాడో వేయటానికి మూత ఉన్న డబ్బా ఉండాలి, వారానికి ఆరు రోజులు కడిగే మనిషికి జీతం ఏర్పాటు చెయ్యాలి. తలుపుకు గొళ్ళెం లోపలివైపు పెట్టించండి. నేను చూసిన రెండు చోట్ల బయటివైపే ఉంది.